సీనాకు ఆడా మగా తేడా లేదు



ఈ సంగతి రాయాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించాను. మా ఖాన్‌దాన్ సంగతి, పైగా షరమ్‌తో ముడిపడిన సంగతి. చివరికి మొన్న ముమానీ దగ్గర కూర్చుని అడిగాను. ఆమె చేతిలోని తస్బీ పక్కన పెట్టి, "రాయి బేటా. ఆయన దాచుకున్నాడు. మనమూ దాస్తే ఇంకొకరి ఇంట్లోనూ ఇదే అవుతుంది" అంది. ఆమె ఇజాజత్‌తోనే రాస్తున్నాను.

మా బడేమామూ దర్జీ. మహబూబ్‌నగర్‌లో నలభై ఏళ్లు షేర్వానీలు, కుర్తాలు కుట్టాడు. రంజాన్ వస్తే ఆయన దుకాణంలో సహరీ దాకా మిషన్ ఆగేది కాదు. ఎందరి ఛాతీకో టేపు చుట్టి కొలత తీసిన మనిషి తన ఛాతీ మీద పెరిగిన గడ్డను ఎవరికీ చూపించలేదు.

హజ్ నుంచి వచ్చిన ఏడాదికి ఆయన అత్తర్ వాడకం ఎక్కువైంది. జుమాకూ ఈద్‌కూ కాస్త పూసుకునే మనిషి రోజూ రెండు పూటలా పూసుకోసాగాడు. హాజీ సాబ్‌కు ఇప్పుడు శౌక్ పెరిగిందని మేనల్లుళ్లం హాస్యమాడాం కూడా. ఒకరోజు బట్టలు ఉతుకుతుంటే ముమానీకి ఆయన బనియన్ మీద ఎడమవైపు రసి, నెత్తురు మరక కనిపించాయి. అడిగితే సెగ్గడ్డ అన్నాడట. ఆమెకు నమ్మకం కలగలేదు. పేపర్‌లో పనిచేసేవాణ్ని, నలుగురు డాక్టర్లు తెలిసినవాణ్ని అని నాకు ఫోన్ చేసింది.

వెళ్లి, గది తలుపు వేసి, చొక్కా విప్పమని బతిమాలాను. "నక్కో బేటా, కుచ్ నై" అంటూనే చివరికి విప్పాడు. ఎడమ చనుమొన లోపలికి గుంజుకుపోయి ఉంది. దాని చుట్టూ తోలు పుండైంది. చంకలో గోలీకాయంత గడ్డ. అత్తర్ ఎందుకో అప్పుడు అర్థమైంది.

"ఎన్నాళ్లయింది మామూ?"

"హజ్‌కు పోకముందు నుంచే ఉంది రా. చిన్న గాంఠ్. నొప్పి లేదు. నొప్పి లేనిదానికి దవాఖానా ఎందుకని ఊరుకున్నా."

అంటే ఆయన ఆ గడ్డతోనే హజ్ చేసి వచ్చాడు. తవాఫ్‌లో మగవాళ్లు కుడి భుజం బయటపెట్టి, ఇహ్రామ్ పైగుడ్డను ఎడమ భుజం మీద వేసుకుంటారు కదా. గడ్డ ఎడమవైపు కావడంతో గుడ్డ కిందే ఉండిపోయింది. ఎందరో సాథీలతో కలిసి తిరిగాడు, ఒకే గదిలో పడుకున్నాడు. ఎవరూ చూడలేదు. ప్రయాణానికి ముందు టీకాలు వేసినప్పుడు, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ రాసినప్పుడు బీపీ అడిగారు, షుగర్ అడిగారు, గుండె అడిగారు. సీనా మీద గడ్డ ఏమైనా ఉందా అని మాత్రం అడగలేదు. అడిగే ప్రశ్నల్లో అది లేదు.

బయాప్సీ రిపోర్ట్ వచ్చింది. రొమ్ము క్యాన్సర్. మామూ దానిని రెండుసార్లు చదివించుకున్నాడు. తర్వాత ఆయన అడిగిన మొదటి మాట, బతుకుతానా అని కాదు. "ఇది ఔరతోంకీ బీమారీ కదా. నలుగురికి ఏమని చెప్పాలి?"

ఆ ప్రశ్న గురించే ఈ రాత.

నేను ఉర్దూ మీడియంలో చదివి, తర్వాత తెలుగులో డిగ్రీ చేసినవాణ్ని. అందుకే నాకు ఈ మాటల సంగతి వింతగా అనిపిస్తుంది. తెలుగులో రొమ్ము అన్నది ఆడవాళ్ల మాట మాత్రమే కాదు. మగవాడు రొమ్ము విరుచుకుని నిలబడ్డాడు అంటాం. ఉర్దూలో సీనా అన్నా, ఛాతీ అన్నా ఇద్దరికీ ఒకటే. మగవాడు సీనా తాన్‌కే నడుస్తాడు. విరుచుకోవడానికి రొమ్ము ఉంది, జబ్బు వచ్చేసరికి లేదు! మన జబాన్లు రెండూ ఇద్దరికీ ఒకే లఫ్జ్ ఇచ్చాయి. దాన్ని ఒక్క ఆడవాళ్లకు అంటగట్టింది పోస్టర్లు, గులాబీ రిబ్బన్లు, మన షరమ్.

శరీరంలో ఉన్న నిజం చాలా సాదా. మగబిడ్డకైనా ఆడబిడ్డకైనా చనుమొన వెనక కొంచెం రొమ్ము కణజాలం ఉంటుంది. యుక్తవయసులో హార్మోన్ల వల్ల ఆడపిల్లలకు అది పెరుగుతుంది, మగపిల్లలకు కొద్దిగానే ఉండిపోతుంది. అది ఉన్నచోట క్యాన్సర్ కూడా రావచ్చు. రొమ్ము క్యాన్సర్ వచ్చిన ప్రతి 100 మందిలో సుమారు ఒకరు మగవారు. ఒక్క అమెరికాలోనే ఏటా దాదాపు 2,800 మంది మగవాళ్లకు ఇది కొత్తగా బయటపడుతుందని, 500 మందికి పైగా చనిపోతారని అమెరికన్ క్యాన్సర్ సొసైటీ అంచనా. ఎక్కువగా అరవై దాటినవాళ్లకు వస్తుంది. మామూకు అప్పుడు అరవై మూడు.

మగవాళ్లలో ఆ కణజాలం తక్కువ కాబట్టి గడ్డ చిన్నదిగా ఉన్నప్పుడే చేతికి తగులుతుంది. ఆ లెక్కన త్వరగా దొరకాలి. జరిగేది ఉల్టా. చుట్టూ జాగా తక్కువ కావడంతో అది తోలుకు, వెనక కండకు తొందరగా అంటుకుంటుంది. మగవాడేమో నెలల తరబడి ఆగుతాడు. దవాఖానాకు వచ్చేసరికి చంకలోకి దిగి ఉంటుంది. ఆడా మగా ఇద్దరూ ఒకే స్టేజీలో వస్తే ఇద్దరికీ ఇలాజ్ బాగానే పనిచేస్తుంది. మనవాళ్లను ముంచుతున్నది జబ్బు రకం కంటే కూడా, ఆలస్యం.

మామూ ఎందుకు ఆగాడు? తర్వాత ఆయనే నాకు చెప్పిన సబబులు రెండు.

మొదటిది షరమ్. దీని గురించి ఉలమాలు నాకంటే బాగా చెప్పగలరు గానీ, మదరసాలో చిన్నప్పుడు మనందరం నేర్చుకున్నదే గుర్తుచేస్తాను. మగవాడి సతర్ నాభి నుంచి మోకాళ్ల దాకా. సీనా అందులో లేనే లేదు. ఇలాజ్ కోసమైతే సతర్ కూడా అవసరమైనంత మేరకు డాక్టర్‌కు చూపించవచ్చని మౌల్వీ సాబ్‌లే చెబుతారు. అలాంటప్పుడు ఛాతీ చూపించడానికి షరమ్ ఎక్కడి నుంచి వచ్చింది? దీన్ నుంచి రాలేదు. మర్ద్ అంటే ఇలా ఉండాలని మనం కట్టుకున్న రివాజ్ నుంచి వచ్చింది. హయా ఈమాన్‌లో భాగమే. కానీ ప్రాణం తీసే జబ్బును దాచుకోవడానికి హయా పేరు పెట్టడం హయాకే బదనామ్.

రెండో సబబు నన్ను ఎక్కువ కలచివేసింది. ఆయనకు పెళ్లి కావలసిన కూతుళ్లు ఇద్దరు. "బాప్‌కు క్యాన్సర్ అని తెలిస్తే రిష్తా ఎవరు తెస్తారు?" అన్నాడు. కూతుళ్ల కోసం దాచాడు. అయితే ఈ జబ్బు సంగతి అందరికంటే ముందు తెలియాల్సింది ఆ కూతుళ్లకే.

ఎందుకో చెబుతాను. కొందరు మగవాళ్లకు ఈ క్యాన్సర్ రావడానికి కారణం బీఆర్‌సీఏ-2 అనే జీన్‌లో పుట్టుకతో ఉన్న లోపం. మామూలు మగవాడికి ఈ జబ్బు వచ్చే అవకాశం వెయ్యిలో ఒకటి చుట్టూ ఉంటే, ఆ లోపం ఉన్నవాడికి జీవితకాలంలో వందలో ఆరేడు దాకా ఉంటుంది. ఆ లోపం తండ్రి నుంచి ప్రతి సంతానానికీ, కొడుకైనా కూతురైనా, సగానికి సగం అవకాశంతో అందుతుంది. కూతురికి అందితే ఆమెకు రొమ్ము క్యాన్సర్, అండాశయ క్యాన్సర్ వచ్చే ఖతరా చాలా పెరుగుతుంది. కొడుకుకు అందితే రొమ్ము క్యాన్సర్‌తో పాటు ప్రోస్టేట్ క్యాన్సర్ ఖతరా కూడా ఉంటుంది. హకీమ్‌ల ఇళ్లలో నుస్ఖాలు సీనా-బ-సీనా వస్తాయని పెద్దలు అనేవారు. జబ్బులు కూడా అలా వస్తాయి, తెలియజేస్తేనే ఆపగలం.

మన ఇళ్లలో ఇంకో గలత్‌ఫహ్మీ ఉంది. రొమ్ము క్యాన్సర్ అంటే అమ్మమ్మకు ఉందా, ఖాలాకు ఉందా అనే అడుగుతారు. దాదీకి ఉందా, ఫుప్పూకు ఉందా, అబ్బాకు ఉందా అని అడగరు. తండ్రి వైపు కూడా తల్లి వైపు ఎంతో అంతే లెక్కలోకి వస్తుంది. ఏ ఖాన్‌దాన్‌లోనైనా మగవాడికి రొమ్ము క్యాన్సర్ వచ్చిందంటే, అతని పిల్లలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు జీన్ పరీక్ష గురించి డాక్టర్‌ను అడగాలి. మా మామూ పెద్ద కూతురు ఆ పరీక్ష చేయించుకుంది. ఫలితం ఏమిటో ఇక్కడ రాయను, అది ఆమె అమానత్. కానీ ఆమె రిష్తా కుదిరింది. పెళ్లికొడుకు ఇంటివాళ్లకు ముందే అన్నీ చెప్పాం. విని కాసేపు మౌనంగా ఉన్నారు. తర్వాత "చెప్పారు, బహుత్ అచ్ఛా చేశారు" అన్నారు.

అమెరికన్ గాయని బియాన్సే తండ్రి మాథ్యూ నోల్స్ తన జబ్బు సంగతిని 2019లో టీవీలో అందరి ముందూ చెప్పాడు. ఆయనకు మొదట కనిపించింది చొక్కా మీద చిన్న నెత్తురు చుక్క. మా మామూ బనియన్ లాగే. తేడా ఏమిటంటే ఆయన పరీక్షకు వెళ్లాడు, బీఆర్‌సీఏ-2 లోపం ఉందని తెలుసుకున్నాడు, ఆ సంగతి పిల్లలకు చెప్పాడు. అంత పేరున్న కుటుంబం ఇజ్జత్ దానివల్ల పోలేదు.

ఇక దవాఖానా సంగతి. మామూను తీసుకెళ్లినచోట అందరూ మంచివాళ్లే, పని చేసే మనసున్నవాళ్లే. కానీ అక్కడి ఇంతెజామ్ మగ మరీజ్ వస్తాడని అనుకోలేదు. కౌంటర్‌లో జబ్బు పేరు చూసి కంప్యూటర్‌లో "స్త్రీ" అని కొట్టారు. కార్డులో పురుషుడు, దవాఖానా కాగితంలో స్త్రీ. రెండూ సరిపోక మంజూరు ఆగింది. దిద్దించడానికి పన్నెండు రోజులు తిరిగాం. మామోగ్రామ్ గది ముందు ఆడవాళ్ల మధ్య తల దించుకుని కూర్చున్న మామూను చూసి, ఒకామె "మీ ఆవిడ లోపలికి వెళ్లిందా?" అని మామూలుగా అడిగింది. ఆయన "హా" అన్నాడు. నాకు ఇప్పటికీ ఆ "హా" వినిపిస్తుంది.

ఆపరేషన్ అయింది, కీమో అయింది, రేడియేషన్ అయింది. తర్వాత టామాక్సిఫెన్ మాత్రలు. మగవాళ్లకు వచ్చే రొమ్ము క్యాన్సర్లలో పదికి తొమ్మిది హార్మోన్‌తో పెరిగే రకానివి. ఈ మాత్ర వాటి మీద బాగా పనిచేస్తుంది, ఖరీదూ ఎక్కువ కాదు. ఏళ్ల తరబడి వేసుకోవాలి. దానివల్ల ఒంట్లో వేడి ఆవిర్లు రావచ్చు, మనసు దిగులుగా ఉండవచ్చు, దాంపత్యంలో ఆసక్తి తగ్గవచ్చు. కాళ్లలో రక్తం గడ్డకట్టే ఖతరా కూడా కొంత ఉంది. ఈ మాటలు మగవాడికి ఎవరు చెబుతారు? మామూకు ఇచ్చిన కరపత్రంలో గర్భం గురించి, నెలసరి గురించి ఉంది. మగవాడి గురించి ఒక్క వాక్యం లేదు. ఆయన నాలుగు నెలలు వేసుకుని చెప్పకుండా మానేశాడు. మాకు తెలిసేసరికి ఇంకో ఆరు నెలలు గడిచాయి. మాత్రతో ఇబ్బంది ఉంటే డాక్టర్‌తో చెప్పుకోవాలి, దానికీ దారులుంటాయి. చెప్పకుండా మానేయడం, తాకత్ కోసమని ఏవేవో మందులు వాడటం రెండూ నుక్సానే.

మరచిపోయింది మన దవాఖానాలే కాదు. రొమ్ము క్యాన్సర్ మందుల మీద జరిగే పరిశోధనల్లో చాలా కాలం మగవాళ్లను చేర్చుకునేవారే కాదు. ట్రయల్స్‌లో మగవాళ్లను కూడా చేర్చుకోవాలని అమెరికా ఎఫ్‌డీఏ 2020లో సిఫార్సు చేసింది. మన దగ్గర ఆశా దీదీలు ఇల్లిల్లూ తిరిగి నింపే పరీక్షా పత్రం చూడండి. రొమ్ములో గడ్డ, చనుమొన నుంచి రక్తస్రావం అనే ప్రశ్నలు అందులో ఆడవాళ్లకు మాత్రమే అన్న భాగంలో ఉన్నాయి. ఆశా దీదీ తప్పు లేదు. కాగితమే మగవాణ్ని అడగొద్దంటోంది.

ఇక్కడ ఒక ఏతరాజ్ వస్తుంది, వాజిబే. "మన ఇళ్లలో ఆడవాళ్లే ఇంకా సమయానికి దవాఖానాకు పోవడం లేదు. వందలో ఒక్క మగవాడి కోసం ఈ గోల ఎందుకు?" అని ఒక బహన్ నన్ను అడిగింది. నేను ఆడవాళ్ల వంతు తగ్గించమనడం లేదు. మగవాళ్లందరికీ మామోగ్రామ్ తీయమనడం లేదు, ఆరోగ్యంగా ఉన్న మామూలు మగవాడికి అది అక్కర్లేదు. అడుగుతున్నది ఒక్క మాట చేర్చమని. గడ్డ ఆడవాళ్లకే కాదు మగవాళ్లకూ రావచ్చు అని అదే పోస్టర్‌లో ఒక లైను. దానికి ఖర్చు లేదు. ఇంకో ఫాయిదా కూడా ఉంది. ఇది తన జబ్బు కూడా అని తెలిసిన మగవాడు, బీవీ గడ్డ ఉందని చెప్పినప్పుడు "చూద్దాంలే" అనడు.

మనం చేయగలిగినవి చెబుతాను.

జుమాకు గుసుల్ చేస్తాం కదా. నెలకు ఒక జుమా, సబ్బు చేతితో చనుమొనల వెనక, చుట్టూ, రెండు చంకల్లో వేళ్లు పరచి తడిమి చూసుకోండి. నొప్పి లేని గట్టి గడ్డ, చనుమొన లోపలికి పోవడం, దాని నుంచి నీరు లేదా నెత్తురు, తోలు గుంజినట్టు సొట్ట పడటం, మానని పుండు, చంకలో గడ్డ. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ వారమే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు. మా మామూ చేసిన గలతీ అదే.

అలాగని వహమ్ పెట్టుకోవద్దు. ఎదిగే వయసు కుర్రాళ్లకు, కొన్ని మందులు వాడేవాళ్లకు, పెద్దవయసువాళ్లకు ఛాతీ కాస్త ఉబ్బడం, చనుమొన వెనక మెత్తగా నొప్పిగా ఉండటం చాలా మామూలు. అది క్యాన్సర్ కాదు. ఏది ఏమిటో డాక్టర్ చేయి పెట్టి చూస్తే, స్కాన్ తీస్తే తేలుతుంది. అనుమానం ఉంటే సూదితో ముక్క తీసి పరీక్షిస్తారు. సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందన్నది వట్టి అఫ్వా. ఖాన్‌దాన్‌లో ఈ జబ్బు ఉన్నవాళ్లు, లివర్ బాగా చెడినవాళ్లు, మునుపు ఛాతీకి రేడియేషన్ తీసుకున్నవాళ్లు ఇంకాస్త ఖయాల్‌గా ఉండాలి.

దమ్ చేసిన నీళ్లు తాగొద్దని నేను అనను. మామూ కూడా తాగాడు. దువాకూ దవాకూ తగాదా లేదు. దువా చేసుకుంటూనే క్యూలో నిలబడండి.

మస్జిద్ కమిటీల బుజుర్గులకు ఒక గుజారిష్. అక్టోబర్‌లో ఊరంతా గులాబీ రంగు పోస్టర్లు వస్తాయి. ఆ నెల ఒక జుమాలో, ఖుత్బాకు ముందు బయాన్‌లో, ఇమామ్ సాబ్ రెండు నిమిషాలు ఈ మాట చెబితే చాలు. ఒకేచోట అన్ని వయసుల మగవాళ్లు వినే వేదిక అంతకంటే మనకు ఏముంది? హజ్ తర్బియతీ క్యాంపులు నడిపే భాయీలకు కూడా ఇదే అర్జీ. అక్కడికి వచ్చేవాళ్లలో అరవై దాటినవాళ్లు చాలామంది. బీపీ, షుగర్‌తో పాటు డాక్టర్ ఆ ఒక్క ప్రశ్న అడిగేలా చూడండి. మా మామూను ఆ రోజు ఎవరైనా అడిగి ఉంటే ఆయన ఝూట్ చెప్పేవాడు కాదు. హజ్‌కు పోయే మనిషి కదా.

దవాఖానాలవాళ్లకు నా అర్జీ ఇంకా చిన్నది. కరపత్రంలో మగవాడి కోసం ఒక పేజీ. కంప్యూటర్‌లో సరైన లింగం. వేచి ఉండటానికి ఒక కుర్చీ కొంచెం అవతల.

మామూ జబ్బు బయటపడ్డాక మూడేళ్లు ఉన్నాడు. చివరికి ఎముకల్లోకి పాకింది. ఆయన ఇంతెఖాల్ అయిన రోజు గుసుల్ ఇచ్చేటప్పుడు నీళ్లు పోసింది నేనే. ఎడమవైపు సీనా మీద ఆపరేషన్ గీత ఉంది. మొహల్లాలో గుసుల్ ఇచ్చే పెద్దాయన దాన్ని చూసి నన్ను అడిగాడు, "గుండె ఆపరేషనా?" అని.

ఆ రోజు నేను కూడా "హా" అన్నాను.

ఇప్పుడు ఆ మాట వాపస్ తీసుకుంటున్నాను. చాచా, అది గుండె ఆపరేషన్ కాదు. మా మామూకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. మగవాళ్లకు కూడా వస్తుంది. ఈ మాట ఈ రాత్రి దస్తర్‌ఖాన్ దగ్గర మీ అబ్బాకు, మీ శౌహర్‌కు, మీ భాయీలకు చెప్పండి.

అల్లాహ్ మామూకు మగ్‌ఫిరత్ ఇవ్వాలి, బీమారీలో ఉన్నవాళ్లందరికీ షిఫా ఇవ్వాలి. ఆమీన్.